గోదావరికి తవుడు పెట్టిన మనిషి

మొన్న రాజమండ్రిలో టూత్‌పేస్టు కొందామని సూపర్‌మార్కెట్‌కి వెళ్ళి చేపల దగ్గర ఆగిపోయాను. అది మా వంశంలో ఉన్న జబ్బు. గాజు పెట్టెలో దంచిన ఐసు మీద చేపలన్నీ పెళ్ళి ఫొటోకి సర్దిన చుట్టాల్లా ఒకే వైపు చూస్తూ వరసగా ఉన్నాయి. నా ముందున్న ఒకావిడ ఒక బొచ్చె చేపని వేలితో పొడిచి, "ఇది ఏటిదా, చెరువుదా?" అని అడిగింది.

టోపీ పెట్టుకున్న కౌంటరతను ఏమాత్రం తడుముకోకుండా, "ఏసీదండి" అన్నాడు.

ఆవిడ తృప్తి పడి ముక్కలు కోయించుకుని వెళ్ళిపోయింది. నాకు మాత్రం మా పెద్దమావయ్య గుర్తొచ్చారు. ఆయన పోయారు కాబట్టి సరిపోయింది గానీ, ఉండి ఈ జవాబు విని ఉంటే ఆ గాజు పెట్టె ముందే పద్మాసనం వేసుకుని కూర్చునేవారు. ఆ కౌంటరతనికి ఏరంటే ఏమిటో, చెరువంటే ఏమిటో, తేడా ఎక్కడుందో చెప్పిగానీ లేచేవారు కాదు. షట్టరు దించేసినా లేచేవారు కాదు.

నేను చెప్పే సంగతుల్లో రూపాయికి పావలా తీసేసుకుని వినడం మా ఇంట్లో అందరికీ అలవాటే. మీరూ అలాగే తీసేసుకోండి. అయితే మావయ్య విషయంలో నేను కలిపింది చాలా తక్కువ. కలపడానికి ఆయన చోటిస్తేనా?

ఆయన్ని నరసాపురం చుట్టుపక్కల 'చేపల జడ్జిగారు' అనేవారు. అసలు పేరు చెప్పను. చెబితే సగం మంది మా బంధువే అంటారు, మిగతా సగం మంది మా ఇంటి పెళ్ళిలో చేపని అవమానించింది ఈయనేనా అని నా మీదికొస్తారు. పొడుగ్గా, సన్నగా, మెడ ముందుకి చాపి నడిచేవారు. దూరం నుంచి చూసి కొంగ అనుకున్నవాళ్ళని తప్పు పట్టడానికి లేదు, చూపు కూడా ఎప్పుడూ నీళ్ళ మీదే ఉండేది. జేబులో రెండు రుమాళ్ళు ఉండేవి. ఒకటి తన మొహానికి, ఒకటి చేపకి. పొరపాటున ఒకదాని బదులు ఒకటి వాడిన రోజున మా అత్తయ్య ఆయన్ని వీధి అరుగు మీదే ఉంచి భోజనం అక్కడికే పంపేది.

పరీక్ష చేసే పద్ధతి చూసి తీరాల్సిందే. చేపలావిడ గంప దించగానే గొంతుక్కూర్చునేవారు. ఒక చేపని దవడ దగ్గర పట్టుకుని తన కళ్ళ ఎత్తుకి లేపేవారు. పెళ్ళిచూపుల్లో పెద్దమనిషి అడిగినట్టు మెల్లగా, "ఏ ఊరమ్మా?" అని అడిగేవారు. అడిగి, చెవి దాని నోటి దగ్గర పెట్టి కాసేపు వినేవారు. తర్వాత బొటనవేలు పొట్ట మీద నొక్కి, ఆ వేలు వాసన చూసి, కళ్ళు మూసుకుని ఆకాశం వైపు మొహం పెట్టేవారు. అప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. ఆ వీధిలో కాకులకి కూడా ఆ సంగతి తెలుసని ఆయనే చెప్పేవారు.

కళ్ళు తెరిచాక తీర్పు ఒక్క ముక్కే. ఏరు, లేదా చెరువు. ఏరు అంటే ఆ చేపని రెండు చేతులా పట్టుకుని, "తల్లీ, రా" అని లోపలికి తీసుకెళ్ళేవారు. చెరువు అంటే మాత్రం తోక చివర రెండు వేళ్ళతో పట్టుకుని గంపలో పడేసి, అక్కడికక్కడే చేతులు కడిగేసుకునేవారు. ఆ పూట మా అత్తయ్య వంకాయ తరుక్కునేది.

"ఏటి చేప సంపాదించుకుని తింటుందండీ. ప్రవాహానికి ఎదురెళ్ళాలి, వల తప్పించుకోవాలి, పిల్లల్ని చూసుకోవాలి. ఆ బాధ్యత కండలోకి దిగుతుంది. అదే రుచి" అని అరుగు మీద కూర్చున్నవాళ్ళకి చెప్పేవారు. "చెరువు చేప ఇల్లరికపుటల్లుడండీ. వేళకింత తవుడు పెడతారు. తిని పడుకోవడమే. కండ పడుతుంది, రుచి పట్టదు."

అరుగు మీదవాళ్ళు తలలు దించుకుని కండువాలు సర్దుకునేవారు. ఎందుకంటే మావయ్య ఆ ఊరికి ఇల్లరికం వచ్చినవారే. ఇల్లు అత్తయ్య వాళ్ళ నాన్నది, అరుగు కూడా ఆయనదే. లోపల్నుంచి అత్తయ్య గొంతు వినపడేది. "ఇక్కడ కండ కూడా పట్టలేదండీ. తవుడు దండగ."

ఈయన తీర్పుల మీద జనానికి గురి కుదిరింది కాకినాడ వైపు ఒక పెళ్ళిలో. పులుసులో మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మావయ్య ఆగిపోయారు. "ఈ చేప యానాం దాకా వెళ్ళొచ్చింది" అన్నారు. ఎలా తెలిసిందండీ అని పక్క విస్తరి ఆయన అడిగితే, "నాలిక మీద నిలబడలేకపోతోంది, తూలుతోంది" అన్నారు. అందరూ నవ్వారు, పెళ్ళికొడుకు బాబాయి తప్ప. ఆ పొద్దున్నే యానాం వెళ్ళి, మగపెళ్ళివారి కోసం మందు సీసాలు కొని, ఎవరికీ కనపడకుండా చేపల ఐసు పెట్టెలో అడుగున దాచి తెచ్చింది ఆయనే మరి. ఆ రోజుతో మావయ్య పేరు పెద్దాపురం దాకా పాకింది. మరిడమ్మ జాతరకి వెళ్తే ప్రసాదం కంటే ముందు చేపల్ని తెచ్చి చూపించేవారట. ఈ 'ట' నాది కాదు, ఆయనదే.

ఇంతకీ అసలు విషయం. చెరువు చేపని అంత చులకనగా చూసిన మనిషి బతికింది చెరువు చేపల మీదే.

తొంభైల్లో మా వైపు వరిచేలన్నీ ఒకటొకటిగా చెరువులైపోయాయి. అత్తయ్యకి వాళ్ళ నాన్న ఇచ్చిన లంక భూమి ఏటిగట్టుకి అవతల, గోదావరిని ఆనుకుని ఉండేది. మావయ్య దాన్ని తవ్వించి, చుట్టూ కట్ట పోయించి బొచ్చెలు పెంచారు. బాగానే పెంచారు. పెంపకంలో ఆయనకి వంక పెట్టడానికి లేదు. ప్లాస్టిక్ గోనెసంచుల్లో తవుడూ చెక్కా కలిపి నింపి, సంచి అడుగున చిల్లులు పొడిచి, చెరువులో పాతిన వెదురు కర్రలకి కట్టించేవారు. చేపలు వేళకి ఆ కర్రల చుట్టూ చేరి చిల్లుల్లోంచి తవుడు లాక్కుని తినేవి. పొద్దున ఏడింటికి కట్ట మీద మావయ్య గొడుగు కనపడితే చాలు, నీళ్ళు ఉడికినట్టు కదిలేవి.

చెరువులో వలలేసే పట్టుబడి రోజున చేపలన్నీ ఐసులో సర్దుకుని లారీల్లో కలకత్తా వెళ్ళిపోయేవి. లారీ కదలగానే మావయ్య చెయ్యెత్తి ఒక నమస్కారం పెట్టేవారు. అది చేపలకో, కలకత్తా వాళ్ళకో ఎప్పుడూ చెప్పలేదు. ఆ చేప పొలుసు ఒక్కటి కూడా తన వంటింటి గడప దాటకూడదన్నది మాత్రం ఆయన నియమం.

అత్తయ్య ప్రతి పట్టుబడికీ అడిగేది. "ఒక్కటి పక్కన పెట్టండి. మా నాన్న భూమిలో పెరిగింది ఎలా ఉంటుందో చూస్తాను."

"అది మనం తినేది కాదే. కలకత్తా వాళ్ళకైతే ఆవనూనె ఉంది, తట్టుకుంటారు."

ఒకసారి నేనే అత్తయ్యకి సలహా ఇచ్చాను. "ఆయన ఊళ్ళో లేనప్పుడు ఒకటి తెప్పించి వండుకోరాదా?"

అత్తయ్య చేతిలో గరిట నా వైపు తిప్పింది. "నా భూమిలో చేపని నేను దొంగతనంగా తినాలేంట్రా? ఆయన చేత్తో తెచ్చి నా చేతిలో పెట్టాలి. అప్పుడు తింటాను."

ఈ పంతం చాలా ఏళ్ళు నడిచింది. ఆఖరికి ఒక ఏడాది అత్తయ్య వంకాయ తప్ప ఇంకేమీ వండనని కూర్చుంది. ఏటి చేప తెచ్చినా సరే, పక్కింటివాళ్ళకి ఇచ్చేసి వంకాయ తరిగేది. మావయ్య చాలా రోజులు ఓర్చుకుని దిగొచ్చారు. "సరేనే. ఈ పట్టుబడికి ఒకటి తెచ్చి నీ చేతిలో పెడతాను. ఒట్టు."

పట్టుబడికి ఇంకా కొద్ది రోజులుందనగా గోదావరికి వరదొచ్చింది.

నేను రాజమండ్రి నుంచి వెళ్ళేసరికి లంకంతా నీళ్ళే. చెరువు కట్టలు ఎక్కడున్నాయో కూడా తెలియడం లేదు. మావయ్య ఏటిగట్టు మీద గొడుగేసుకుని నిలబడి ఉన్నారు. వాన లేదు, అయినా గొడుగు వేసుకునే ఉన్నారు.

"అన్నీ వెళ్ళిపోయాయిరా అల్లుడూ. కట్ట మీదికి నీళ్ళు రావడం ఆలస్యం, వరసకట్టి బయల్దేరాయి. ఇంత తవుడు పెట్టాను కదా, ఒక్కటైనా వెనక్కి తిరిగి చూడలేదు."

"పోనీ, ఇప్పుడవి ఏటి చేపలైపోయాయి కదా మావయ్యా. బాధ్యత తెలుస్తుంది" అన్నాను, ఊరుకోలేక.

ఆయన నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయడానికి కుదరదు.

ఇంటికెళ్తే అత్తయ్య మమ్మల్ని గుమ్మంలోనే ఆపింది. పంట పోయినందుకు ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. "పోయినవి పోయాయి. మళ్ళీ చేప పిల్ల వేసుకుందాం. నా ఒక్క చేప నాకు తెచ్చివ్వండి" అంది.

"ఎక్కణ్ణించి తెచ్చేది? గోదాట్లో కలిసిపోయాయి."

"మీకదో లెక్కా? చేప మొహం చూసి ఊరు చెప్పేస్తారు. ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళందరికీ ఏటిదో చెరువుదో చెప్పారు. నాకు ఒక్కటి వెతికిపెట్టలేరా?"

మావయ్య గొడుగు మూశారు. జీవితంలో మొదటిసారి ఎవరో నిజంగా కేసు తెచ్చినట్టు మొహం పెట్టారు.

వరద తీసిన తర్వాత ఆయన చేసిన పని మా వైపు చేపల రైతుకి తప్ప ఇంకెవరికీ తట్టదు. కట్టలు బాగు చేయించుకోవడం మానేసి, ఒక వెదురు కర్ర తీసుకెళ్ళి గోదావరిలో పాతించారు. దానికి సంచి కట్టించారు. సంచి నిండా తవుడు, అడుగున చిల్లులు. పొద్దున్నే ఏడింటికి వెళ్ళి రేవులో గొడుగేసుకుని కూర్చున్నారు, తన చేపలు తన దగ్గరికి వచ్చేస్తాయని.

రెండో వారం నేను మళ్ళీ వెళ్ళేసరికి ఇదీ పరిస్థితి. మావయ్య ఇసక మీద కూర్చుని ఉన్నారు. పక్కనే ఏట్లో వలలేసే పల్లెపాలెం పెద్దాయన ఉన్నాడు. ఎన్నో ఏళ్ళుగా మావయ్యకి ఏటి చేప తెచ్చిచ్చేది ఆయనే.

"ఏంటండి బాబూ, గోదారికి తవుడు పెడతన్నారు?" అన్నాడు పెద్దాయన.

"గోదావరికి కాదు, నా చేపలకి. ఏడింటికి తినడం వాటికి అలవాటు."

"ఆయ్. ఆ అలవాటు మా వోళ్ళక్కూడా అయిపోయిందండి. ఏడయ్యేసరికి వలలేసుకుని దిగిపోతన్నారు."

నిజమే. సంచి చుట్టూ నీళ్ళు ఉడకడం మొదలయ్యేసరికి, నాలుగు వైపుల నుంచీ పడవలొచ్చి వలలు విసిరేశాయి. మావయ్య గొడుగు ఊపుతూ, "ఆగండ్రా! అందులో నావేవో చూసుకోవాలి!" అని మోకాలి లోతు దాకా వెళ్ళిపోయారు. పెద్దాయన మర్యాదస్తుడు, వల తెచ్చి ఇసక మీద కుమ్మరించాడు. బొచ్చెలు. అన్నీ ఒకే రంగు, ఒకే మొహం. ఎగిరెగిరి పడుతున్నాయి.

మావయ్య గొంతుక్కూర్చుని ఒకదాన్ని లేపారు. "ఏ ఊరమ్మా?" అన్నారు. చెవి పెట్టారు. దాన్ని దించి ఇంకోదాన్ని లేపారు. చుట్టూ పల్లెవాళ్ళు మూగారు, ఊళ్ళోవాళ్ళూ మూగారు. తీర్పు రాలేదు.

"చూడక్కర్లేదండి, అన్నీ ఏటివే" అన్నాడు పెద్దాయన. "మీకు చెరువు చేప చూపించే మొగోణ్ణా నేను? మొహాన కొట్టరూ?"

మావయ్య చేతిలో చేపని దించేశారు. నాకు కావలసింది చెరువుదేరా అని అంతమందిలో ఎలా అంటారు? ఏళ్ళ తరబడి చెరువు చేపల్ని రెండు వేళ్ళతో తిరగ్గొట్టిన మనిషి! చేతులు కడుక్కుని లేచి నిలబడ్డారు. చేపలన్నీ ఐసు పెట్టెల్లోకి వెళ్ళాయి. "ఇయ్యన్నీ రాజమండ్రిలో గాజు పెట్టెల కొట్టుకండి. అక్కడ ఏటి చేపంటే ఎగబడతన్నారు" అని పెద్దాయన చెప్పాడు.

దారిలో మావయ్య నా చెయ్యి పట్టుకున్నారు. "ఆ గాజు కొట్టు ఎక్కడుందో నీకు తెలుసురా?"

"తెలుసు మావయ్యా. మా ఇంటి దగ్గరే, కొత్తగా తెరిచారు."

"అక్కడ నన్నెరిగినవాళ్ళు ఉంటారా?"

"ఎవరూ ఉండరు."

"అయితే రేపే వెళ్దాం."

మర్నాడు వెళ్ళాం. గచ్చు అద్దంలా మెరుస్తుండటం చూసి మావయ్య చెప్పులు గుమ్మంలో విప్పేశారు. ఏసీ తగలగానే కండువా తలకి చుట్టుకున్నారు. చేపల పెట్టెలో రెండు బోర్డులున్నాయి. ఒక వైపు 'గోదావరి చేప', రెండో వైపు 'చెరువు చేప'. గోదావరి వైపు ధర రెండింతలు. జనం కూడా అటువైపే ఉన్నారు. మావయ్య గోదావరి వైపు వెళ్ళి, ఎదురుగా ఉన్న బొచ్చెని బయటికి తీయించి, రెండు చేతులా ఎత్తి పట్టుకున్నారు.

"ఏ ఊరమ్మా?"

టై కట్టుకున్న మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "ఏం కావాలి సార్?"

మావయ్య చెయ్యి అడ్డం పెట్టారు, మాట్లాడొద్దని. వేలు నొక్కి, వాసన చూసి, పైన ట్యూబులైట్ల వైపు మొహం పెట్టి కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి ఆ కళ్ళలో వెలుగు చూడాలి.

"చెరువు!" అని అరిచారు.

ఆ మాటని ఆయన అంత సంతోషంగా అనగా నేనెప్పుడూ వినలేదు. మేనేజరు మొహం మాత్రం ఐసు రంగుకి తిరిగింది. అప్పటికే బిల్లు వేయించుకున్న ఒకావిడ పొట్లం వెనక్కి పెట్టేసింది.

"సార్, మెల్లగా. ఇవన్నీ గోదావరివే సార్. పొద్దున్నే వచ్చాయి."

"గోదావరిలోంచే వచ్చాయి, కాదనడం లేదు. కానీ ఇది నాది. నా చెరువుది."

"మీ చెరువుదైతే గోదావరిలోకి ఎలా వచ్చింది సార్?"

"ఎలా రావడమేంటయ్యా, ఈదుకుంటూ వచ్చింది! చేప కాదూ?"

"దీని మీద మీ పేరుందా సార్?"

"కొయ్యి. పొట్ట కొయ్యి, చెప్తాను."

కోశారు. పేగులోంచి గోధుమరంగు ముద్ద బయటపడింది. మావయ్య వేలితో తీసి మేనేజరు ముక్కు దగ్గర పెట్టారు. "తవుడు! గోదావరిలో తవుడు ఎవరు పోస్తారయ్యా? నా తవుడు! నా బిడ్డ!"

జనం పెరిగిపోయారు. పొట్లాలు ఒకటొకటిగా వెనక్కి వస్తున్నాయి. మేనేజరు చేతులు జోడించాడు. "సార్, మీకు దండం పెడతాను. దీన్ని చెరువు చేప బోర్డు కిందికి మార్చేస్తాను. ఆ రేటుకే తీసుకెళ్ళండి. సగం ధర."

అప్పటిదాకా సంబరపడుతున్న మనిషికి ఎక్కడలేని పౌరుషం వచ్చింది. "సగమా? వరదలో ఊరు దాటి, సుళ్ళు దాటి, వల పడేదాకా ప్రాణాలకి తెగించి ఈదిందయ్యా ఇది. దానికి సగం ధర కడతావా? పూర్తి ధరే వేసుకో. గోదావరి చేప అనే బిల్లు రాయి."

అలా మావయ్య తన తవుడు తిని పెరిగిన చేపని రెండింతల ధరకి కొనుక్కున్నారు. పొట్లం మీద 'గోదావరి చేప' అని స్టిక్కరు అంటించి ఇచ్చారు. మేమిద్దరం గుమ్మం దాటుతుంటే మేనేజరు సెక్యూరిటీ అతనికి మావయ్య మొహం బాగా గుర్తుపెట్టుకోమని చెప్పడం నాకు వినిపించింది.

బస్సులో పొట్లం ఒళ్ళో పెట్టుకుని, కొత్త అల్లుడిలా నవ్వుతూ కూర్చున్నారు. ఆ నవ్వు చూసి నేను ఊరుకోవాల్సింది. నాకు ఊరుకోవడం ఎక్కడ చేతనవును?

"మావయ్యా, ఒక్క అనుమానం."

"అడగరా."

"మీరు రోజూ రేవులో సంచి కడుతున్నారు కదా. అక్కడ పడ్డ చేపలే కదా ఆ కొట్టుకి వచ్చినవి."

"ఊఁ."

"మరి ఏట్లో పుట్టి పెరిగిన చేపలు కూడా ఆ సంచి దగ్గరికొచ్చి మీ తవుడే తింటున్నాయి కదా. ఏ చేప పొట్ట కోసినా తవుడే ఉంటుంది."

నవ్వు ఆగిపోయింది. రావులపాలెం దాటేదాకా పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. సిద్ధాంతం వంతెన ఎక్కాక కిటికీలోంచి కింద నీళ్ళు చూస్తూ, "అయితే ఇది చెరువులో పుట్టి ఏరు ఈదిందో, ఏట్లో పుట్టి నా తవుడు తిన్నదో..." అని ఆగారు.

"ఎవరికి తెలుస్తుంది మావయ్యా?"

"ఎవరికో దాకా ఎందుకురా, నాకే తెలియడం లేదు."

"ఎప్పుడైనా తెలిసిందా?" అన్నాను. అడగకూడదని తెలిసే అడిగాను.

"ఆ యానాం చేప ఒక్కటీ తెలిసిందిరా. ఐసు పెట్టెలో సీసా మూత ఊడినట్టుంది" అన్నారు. తర్వాత తలొంచుకుని, పొట్లం మీది స్టిక్కరుని గోటితో గీకడం మొదలుపెట్టారు. ఊరొచ్చేదాకా గీకుతూనే ఉన్నారు. 'గోదావరి'లో ఒక్క అక్షరం మిగలకుండా గీకేశారు.

అత్తయ్య గుమ్మంలోనే ఉంది. మావయ్య పొట్లాన్ని రెండు చేతులతో పట్టుకుని ఆవిడ చేతుల్లో పెట్టారు. అత్తయ్య విప్పి చూసింది. చేప మొహంలోకి చూసింది. మావయ్య మొహంలోకి చూసింది.

"మనదేనా?"

అంత పెద్ద జడ్జిగారు ఆ ఒక్క తీర్పూ వేలు నొక్కకుండా, వాసన చూడకుండానే ఇచ్చారు. "మనదే" అన్నారు.

అత్తయ్య చేపని లోపలికి తీసుకెళ్ళింది. కత్తిపీట ముందేసుకుని, బూడిదతో రుద్ది, తనే కోసింది. మట్టి దాకలో చింతపండు పులుసు మరిగిస్తూ, మధ్యమధ్యలో దాకని రెండు చేతులా పట్టుకుని మెల్లగా తిప్పుతూ, గరిట పెట్టకుండా వండింది. ఆ వాసనకి వీధిలో వెళ్ళేవాళ్ళు నడక తగ్గించారు. మావయ్య పెరట్లో బావి చుట్టూ తిరుగుతున్నారు, ఆసుపత్రి వరండాలో తిరిగినట్టు. ఏటిదైతే ఏమవుతుందో, చెరువుదైతే ఏమవుతుందో, అత్తయ్య నాలికకి తెలిసిపోతుందేమోనని ఆయన భయం. ఆ ఇంట్లో నిజమైన నాలిక ఎవరిదో ఆయనకి తెలుసు.

ఆ రోజు ఆ ఇంటి పద్ధతి తిరగబడింది. అత్తయ్య మాతోపాటే కంచం పెట్టుకుని కూర్చుంది. ముందు తనే ఒక ముక్క తీసుకుంది. ముల్లు తీసి, అన్నంలో కలిపి, ముద్ద నోట్లో పెట్టుకుంది. మావయ్య కంచంలో చెయ్యి పెట్టకుండా చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను. ఇంకో ముద్ద తింది. కళ్ళు మూసుకుంది. ఆకాశం వైపు మొహం పెట్టకుండానే చాలాసేపు మూసుకుంది.

"ఏవండీ."

"ఊఁ."

"మా నాన్న భూమిలో చేప ఇంత బాగుంటుందా?"

మావయ్య పులుసు దాక వైపు చూశారు.

"ఇంత బాగుండేదాన్ని ఇన్నేళ్ళూ లారీలకెత్తి కలకత్తా వాళ్ళకి పోశారా? నాకు వంకాయ పెట్టి? ఆవనూనెలో వేయించుకునే వాళ్ళకి నా చేపని పంపి, నమస్కారం కూడా పెట్టారా?"

మావయ్యకి తప్పించుకునే దారి ఎదురుగానే ఉంది. 'పిచ్చిదానా, అది ఏటిదేమో, అందుకే బాగుంది' అంటే చాలు. ఇన్నేళ్ళ తీర్పులూ నిలబడతాయి, పేరూ నిలబడుతుంది. ఆ మాట ఆయన అనకపోయినా నేను అందిద్దామని నా నాలిక దురద పెడుతూనే ఉంది. నోరు తెరవబోయాను. కంచం పక్కనుంచి ఆయన కాలు వచ్చి నా కాలివేళ్ళ మీద గట్టిగా నిలబడింది. అబ్బా అనకుండా ఆ నొప్పిని ముద్దతోపాటు మింగాను.

"బుద్ధి తక్కువైందే" అన్నారు మావయ్య తలొంచుకుని. "తినేవాడికి నాలిక లేకపోతే చేపదా తప్పు? నాకూ ఒక ముక్క వెయ్యి."

అత్తయ్య దాకలో గరిట పెట్టి వెతికింది. తలకాయ పైకొచ్చింది. మావయ్యకి తలకాయంటే ప్రాణం, ఆ ఇంట్లో అది ఎప్పుడూ ఆయన కంచంలోకే వెళ్ళేది. ఆయన కంచం కాస్త ముందుకి జరిపారు కూడా. అత్తయ్య ఆ తలకాయని అటూ ఇటూ తిప్పి చూసి, తన కంచంలో వేసుకుని, ఆయనకి తోక ముక్క వేసింది.

"తలకాయ భూమి గలవాళ్ళకండీ" అంది.